ప్రసవానికి డౌలా తోడు: లోపలికి ఒక్కరినే రానిస్తామంటే ఎవరు వెళ్లాలి?

ప్రశ్న: తొలిచూలు తండ్రి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా భార్యకు 30 వారాలు నిండాయి. మాకిది తొలి కాన్పు. అన్నీ సవ్యంగా ఉంటే ఈపాటికి ఆమె పుట్టింట్లో ఉండవలసింది. కానీ మా అత్తగారు నాలుగేళ్ల క్రితం కాలం చేశారు, మామగారు నరసరావుపేటలో ఒంటరిగా ఉంటున్నారు. అందుకని పురుడు ఇక్కడే, మా ఇంట్లోనే పోయాలని నిర్ణయించుకున్నాం. ఒంగోలు నుంచి మా అమ్మ వస్తానంటోంది గానీ, ఆమెకు నిరుడు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ జరిగింది. వంట చేయగలదు, బిడ్డను ఒళ్లో పెట్టుకోగలదు. రాత్రంతా మేలుకొని ఉండటం, పీట మీద కూర్చొని కాళ్లు చాపి బిడ్డకు నీళ్లు పోయడం ఇక ఆమె వల్ల కాదు.

మేము వెళ్లే ప్రసవ సన్నాహ తరగతిలో డౌలా అనే మాట మొదటిసారి విన్నాం. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేవరకు తల్లిని విడవకుండా ఉండి, ఆ తర్వాత కొన్ని వారాలు ఇంటికి వచ్చి సాయం చేసే మనిషి అని అక్కడి శిక్షకురాలు చెప్పారు. ఆ మాట వినగానే తల్లి లేని నా భార్యకు ఎంత ఊరట కలిగిందో ఆమె ముఖంలోనే తెలిసింది. ఆ సాయంత్రమే ఒకరితో ఫోన్‌లో మాట్లాడింది కూడా. నేను వద్దనలేదు, అయితే నాకున్న సందేహాలను ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో లేబర్ రూమ్‌లోకి ఒక్కరినే రానిస్తారట. డౌలా లోపలికి వెళితే నేను బయట కుర్చీలో కూర్చోవాలి. నా బిడ్డ పుట్టే వేళ నేను ఉండవలసిన చోట డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి ఉండటం నాకు మింగుడుపడటం లేదు. అమ్మతో చెబితే, "ఇన్నేళ్లకు మళ్లీ మంత్రసానులు వచ్చారా నాయనా? పరాయి మనిషిని పెట్టుకునేటట్టయితే ఇక నేనెందుకు రావడం?" అని ఫోన్ పెట్టేసింది. పైగా ఆ డౌలా చెప్పిన రుసుము మా నెల అద్దె కంటే ఎక్కువ. డాక్టర్లు, నర్సులు, ఆయాలు అందరూ ఉన్న ఆసుపత్రికి అంత ప్యాకేజీ కడుతున్నప్పుడు ఇంకొకరు దేనికి? డౌలా ఉంటే సిజేరియన్ తప్పుతుందని కొందరంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో గత రెండేళ్లలో పుట్టిన పిల్లలందరూ ఆపరేషన్‌తో పుట్టినవాళ్లే కాబట్టి ఆ మాట ఆశ పెడుతోంది, ఆశ పెడుతోంది కాబట్టే అనుమానమూ కలుగుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: రెండు కాన్పుల తల్లి (కూకట్‌పల్లి)

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. నా రెండో కాన్పుకు డౌలా ఉన్నారు, అయినా నాకు సిజేరియనే అయింది. అయినప్పటికీ ఆ డబ్బు వృథా అయిందని నేను గానీ మావారు గానీ ఒక్కనాడూ అనుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మొదటి కాన్పు సంగతి కూడా చెప్పాలి.

2018లో నొప్పులు మొదలైన గంటకే వెళ్లి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరిపోయాను. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. తెర అవతల ఇంకొకామె అరుస్తుంటే వింటూ, గోడ గడియారం చూస్తూ పదకొండు గంటలు పడుకున్నాను. నర్సులు చెడ్డవాళ్లేమీ కారు. ఆరుగురు గర్భిణులకు ఇద్దరే ఉండేవారు, గంటకొకసారి వచ్చి పరీక్ష చేసి చార్టులో రాసుకొని వెళ్లేవారు. చివరికి కాన్పు ముందుకు సాగడం లేదని చెప్పి థియేటర్‌కు తీసుకువెళ్లారు. ఎందుకు సాగడం లేదో ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. బిడ్డను నా పక్కన పడుకోబెట్టేసరికి నాలుగు గంటలు దాటింది.

2022లో రెండో కాన్పుకు, పరిస్థితి అనుకూలిస్తే సాధారణ ప్రసవానికి ప్రయత్నించవచ్చని వేరే డాక్టరు గారు ఒప్పుకున్నారు. అప్పుడే డౌలాను మాట్లాడుకున్నాం. ఎనిమిదో నెల నుంచి ఆమె మూడుసార్లు ఇంటికి వచ్చారు. మొదటి రోజు నా గురించి అడిగినదానికంటే మావారి గురించి అడిగినదే ఎక్కువ: రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా, నొప్పిలో నేను విసుక్కుంటే నొచ్చుకుంటారా, ఆకలికి తట్టుకోగలరా అని. నొప్పులు మొదలైన రాత్రి డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాక ఆమెకు చేశాం. నొప్పి వచ్చినప్పుడు నేను మాట మధ్యలో ఆగిపోతున్నానా లేదా అన్నది ఫోన్‌లోనే విన్నారు. అర్ధరాత్రి దాటాక తానే ఇంటికి వచ్చారు. నేను మంచం అంచు పట్టుకొని వంగి నిలబడితే, మావారి రెండు అరచేతులనూ నా తుంటి ఎముకలకు ఇరువైపులా పెట్టించి, నొప్పి వచ్చినప్పుడల్లా లోపలికి అదమమన్నారు. ఆయన భయపడుతూ మెల్లగా నొక్కుతుంటే, "ఇంకా గట్టిగా అండీ, చాలనుకుంటే ఆమే చెబుతుంది" అన్నారు. దాంతో నొప్పి తగ్గిందని చెప్పను. కొట్టుకుపోతున్న మనిషికి కాలికింద నేల తగిలినట్టయింది. మర్నాడు మావారి చేతులు భుజం దాటి పైకి లేవలేదు.

ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకు బిడ్డ గుండె వేగం నొప్పి వచ్చినప్పుడల్లా పడిపోతూ వచ్చింది, డాక్టరు గారు ఆపరేషన్ చేయాలన్నారు. డౌలా వాదించలేదు, మమ్మల్ని వాదించమని ఎగదోయలేదు. "డాక్టరు గారూ, వీళ్లకు ఒక్క నిమిషం చెప్పగలరా?" అని మాత్రం అడిగారు. డాక్టరు గారు మానిటర్ కాగితం మా ముందు పరిచి చూపించారు. కాబట్టి సంతకం పెట్టేటప్పుడు ఎందుకు పెడుతున్నానో నాకు తెలుసు. థియేటర్ నుంచి బయటికి వచ్చిన గంటలోపే, కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంకకింద పక్కగా పట్టుకొని పాలివ్వడం ఎలాగో డౌలా చూపించారు. రెండూ ఆపరేషన్లే. మొదటిది గుర్తుకొస్తే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. రెండోదాన్ని మా అక్కాచెల్లెళ్ల దగ్గర నవ్వుతూ చెబుతాను.

ఒక్కరికే అనుమతి అనే మాట మాకూ చెప్పారు. రిసెప్షన్‌లో చెప్పేది ఆఖరి మాట అనుకోకండి. మేము 34వ వారంలో డాక్టరు గారి చేత రాయించుకొని పరిపాలనాధికారిని కలిశాం. యంత్రాల జోలికి పోకూడదు, పరీక్ష చేసేటప్పుడు ఇద్దరిలో ఒకరు బయటికి రావాలి, థియేటర్‌లోకి భర్తకు తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు అనే షరతులతో ఇద్దరినీ అనుమతించారు.

జవాబు: లేబర్ రూమ్ సిస్టర్ (ప్రభుత్వ ప్రసూతి విభాగం, తెలంగాణ)

నేను పదహారేళ్లుగా ప్రభుత్వ ప్రసూతి విభాగంలో పనిచేస్తున్నాను, మధ్యలో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పొందాను. ఈ చర్చలో మూడు రకాల మనుషులు కలగాపులగం అవుతున్నారు కనుక ముందు వారిని విడదీయనివ్వండి. మంత్రసాని బిడ్డను పట్టి బొడ్డు కోసే మనిషి. ఆమె విద్య తరతరాల అనుభవం. మిడ్‌వైఫ్ అంటే నర్సింగ్ చదివి, ఆపైన సాధారణ ప్రసవాలు స్వయంగా చేయడంలో ప్రత్యేక శిక్షణ పొంది, వైద్యపరమైన బాధ్యత వహించే మనిషి. మన తెలంగాణలో ఈ శిక్షణ యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో 2017లో కరీంనగర్‌లో మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. డౌలా ఈ రెండింటిలో ఏదీ కాదు. ఆమె చేయి పెట్టి పరీక్ష చేయదు, చేయకూడదు. నొప్పులు పెంచే ఇంజెక్షన్‌ను, సెలైన్ గొట్టాన్ని ముట్టదు. మందు పేరు చెప్పదు. మన దేశంలో డౌలాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు. ప్రైవేటు సంస్థలు ఇచ్చే శిక్షణ పత్రాలే ఉంటాయి. అందువల్ల మీరు మాట్లాడుకునే మనిషి ఎన్ని ప్రసవాలకు వెళ్లారో, ఆ కుటుంబాలలో ఇద్దరితోనైనా మీరు మాట్లాడవచ్చా అన్నది తప్పక అడగండి.

మరి ఏ వైద్యమూ చేయని మనిషి వల్ల ఏం ప్రయోజనమని మీరు అడుగుతున్నారు. సరిగ్గా ఇదే ప్రశ్న గ్వాటెమాలాలోని ఒక ఆసుపత్రిలో మార్షల్ క్లౌస్, జాన్ కెన్నెల్ అనే పిల్లల వైద్యులకు ఎదురైంది. తోడెవరూ లేకుండా నొప్పులు పడుతున్న తొలిచూలు తల్లులలో కొందరి దగ్గర, వైద్య శిక్షణ ఏమీ లేని ఒక స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె పని వీపు రాయడం, చేయి పట్టుకోవడం, మాట్లాడటం, లేచి వెళ్లకుండా ఉండటం. ఏ చిక్కులూ లేకుండా ప్రసవించిన వారిని పోల్చి చూస్తే, తోడు ఉన్నవారికి కాన్పు సగం కంటే తక్కువ సమయంలో అయింది. 1980లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. పోల్చిన తల్లుల సంఖ్య మాత్రం చిన్నదే. ఆ తర్వాత ఇలాంటి పరిశోధనలు అనేక దేశాలలో జరిగాయి. 2017లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 దేశాలకు చెందిన 26 పరిశోధనలను, 15,000 మందికి పైగా తల్లుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. విడవని తోడు ఉన్నవారిలో సాధారణ ప్రసవాలు ఎక్కువ, నొప్పి మందుల వాడకం తక్కువ, కాన్పు సమయం సగటున 40 నిమిషాలు తక్కువ, ప్రసవం గురించి చేదు జ్ఞాపకాలు తక్కువ. సిజేరియన్ అవకాశం సుమారు నాలుగో వంతు తగ్గింది.

ఈ నాలుగో వంతు అన్నదాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 100 మందిలో 20 మందికి ఆపరేషన్ అయ్యేచోట అది 15కు దిగుతుందని దాని అర్థం. మీ భార్యకు ఆపరేషన్ కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా మన దగ్గర సిజేరియన్లన్నీ లేబర్ రూమ్‌లో నిర్ణయమయ్యేవి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7, తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో అయితే 80 శాతం పైమాటే. ఇందులో పంచాంగం చూసి ముహూర్తం పెట్టించుకున్నవి ఉన్నాయి, నొప్పులంటే భయపడి కుటుంబాలే అడిగినవి ఉన్నాయి, ఆసుపత్రుల సౌకర్యం కోసం జరిగినవీ ఉన్నాయి. నొప్పులు మొదలయ్యాక వచ్చే డౌలా వీటిని ఆపలేదు. మీ డాక్టరు గారి వద్ద తొలి కాన్పులలో ఎన్ని సాధారణ ప్రసవాలు అవుతున్నాయని అడగడం, డౌలాను వెతకడం కంటే ముందు చేయవలసిన పని.

ఇక ఒక్కరికే అనుమతి గురించి. ప్రతి స్త్రీకీ తాను కోరుకున్న మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలలో స్పష్టంగా ఉంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సహచరిని అనుమతించింది. ఆ ఆదేశంలోని షరతులు చదివితే మీకు నవ్వు వస్తుందేమో గానీ అవి అనుభవంతో రాసినవి: ఆమె తాను కూడా ఒకసారి ప్రసవ నొప్పులు అనుభవించిన బంధువై ఉండాలి, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు, ఆ గదిలోని ఇతర గర్భిణుల సంగతి పట్టించుకోకూడదు. తెరలు, విడి గదులు ఉండి మరుగు కాపాడగలిగిన చోట భర్తను కూడా అనుమతించవచ్చని అందులోనే ఉంది. మీది ప్రైవేటు ఆసుపత్రి, విడి గది ఉంటుంది. భర్తను కాదనడానికి వారికి కారణం తక్కువ.

ఇద్దరిలో ఒక్కరే అని మరీ పట్టుబడితే మాత్రం, ఎవరు కావాలో మీ భార్య చెప్పాలి. మీరు గానీ, మీ అమ్మగారు గానీ, డౌలా గానీ చెప్పకూడదు. కానీ ఒక మాట: మా వార్డులో భర్తలు లోపలికి వచ్చినప్పుడు చాలామంది చేతులు కట్టుకొని గోడకు ఆనుకొని నిలబడతారు. ప్రేమ లేక కాదు, ఏం చేయాలో తెలియక. ఏం చేయాలో నేర్పించిన భర్త దగ్గర ఉంటే మాకు సగం పని తగ్గుతుంది.

హెచ్చరిక కూడా చెప్పి ముగిస్తాను. డాక్టర్లందరూ మోసగాళ్లని, నొప్పి తగ్గే సూది వేయించుకుంటే ఓడిపోయినట్టని, ఆసుపత్రికి వీలైనంత ఆలస్యంగా వెళ్లమని చెప్పే డౌలా తారసపడితే నమస్కారం పెట్టి పంపించేయండి. ఉమ్మనీరు పచ్చగా పోతున్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఫోన్‌లో సలహాలిచ్చేవారి కోసం ఆగకూడదు, నేరుగా ఆసుపత్రికి రావాలి.

జవాబు: గోదావరి అమ్మమ్మ (పాలకొల్లు)

బాబూ, మీ అమ్మ అన్న మాటకు జవాబు చెబుదామని రాస్తున్నాను. నాకు డెబ్బై నాలుగేళ్లు, మూడు పురుళ్లూ ఇంట్లోనే పోసుకున్నాను. మంత్రసాని వచ్చేది ఆఖరున. ఆవిడకు కబురు వెళ్లి, ఆవిడ గట్టు దాటి వచ్చేసరికి తెల్లవారేది. అప్పటిదాకా నా వెనక కూర్చొని, తన మోకాళ్లు నా నడుముకు ఆనించి, రాత్రంతా వీపు రాసింది మా మేనత్త. పిల్లలు లేని మనిషి, ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా వెళ్లేది. మిరియాల కషాయం కాచి పట్టేది, జుట్టు ముడి వేసేది, ఎవరైనా "ఓర్చుకోవాలమ్మా, ఆడపుట్టుక" అని నీతులు మొదలుపెడితే బయటికి పొమ్మనేది. ఆవిడ పనికి పేరు లేదు. మీరు డౌలా అంటున్నది ఆ మేనత్తను. అది గ్రీకు మాటని, సేవకురాలని దాని అర్థమని మా మనవరాలు చెబితే, వినడానికి మన దాదిలాగే ఉందే అని నవ్వుకున్నాం.

అలాగని మా కాలమంతా బంగారమని అనను. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించారు. బాలింత నీళ్లు తాగితే కడుపు పెరుగుతుందని గుక్కెడు నీళ్లకు ఏడిపించారు. మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూస్తే ఆ పొగకు మా రెండోవాడు ఊపిరాడక నీలం తిరిగాడు, దేవుడి దయవల్ల గట్టెక్కాడు. మీ ఇంటికి వచ్చే అమ్మాయి ఇలాంటివి మాన్పిస్తే అది పుణ్యమే.

మీ అమ్మ నొచ్చుకున్నది డబ్బు గురించి కాదు, మంత్రసాని గురించీ కాదు. తన మోకాళ్లు పనికిరాకుండా పోయాయని ఆవిడకు తెలుసు, మీరు వేరే మనిషిని వెతకడంతో ఆ సంగతి పైకి చెప్పినట్టయింది. ఇప్పుడు ఫోన్ చేసి డౌలా మాట ఎత్తకండి. బాలింతకు పెట్టే కాయానికి ఏమేం కావాలో అడగండి. సొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము ఎంతెంతో, బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఆవిడకు తప్ప మీ ఇంట్లో ఎవరికీ తెలియదు కదా. వచ్చాక ఆవిడా ఆ అమ్మాయీ ఒకరినొకరు చూసుకుంటారు.

జవాబు: ఎడిసన్ నుంచి (న్యూజెర్సీ)

అందరూ కాన్పు రోజు గురించే రాశారు. నేను ఆ తర్వాతి నలభై రోజుల గురించి రాస్తాను. కాన్పు ఒక రోజు పని, అటుపైన ఉన్నదే అసలు ఏరు.

ఇక్కడ అమెరికాలో ప్రసవానికి వచ్చే డౌలా వేరు, ప్రసవానంతరం ఇంటికి వచ్చే డౌలా వేరు. రెండూ చేసేవారు కొందరు ఉంటారు. నల్లజాతి తల్లుల ప్రసూతి మరణాలు శ్వేతజాతివారి కంటే సుమారు మూడు రెట్లుగా ఉన్న దేశం కాబట్టి ఇక్కడ డౌలా సేవ ప్రభుత్వ విధానంలోకి కూడా వచ్చింది. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద మా న్యూజెర్సీ 2021 నుంచి డౌలాల రుసుము చెల్లిస్తోంది. మాకు ఆ బీమా వర్తించదు కనుక సొంత డబ్బు పెట్టుకున్నాం. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. అమ్మ ఉండగా డౌలా ఎందుకని మా ఇంట్లోనూ గొడవే.

డౌలా వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు వచ్చేది. గుమ్మంలో అడుగుపెట్టగానే బిడ్డను అడిగేది కాదు, నన్ను అడిగేది: ఎన్ని గంటలు నిద్రపోయావు, ఏం తిన్నావు, కుట్లు ఎలా ఉన్నాయి అని. మన ఇళ్లల్లో చూడవచ్చేవాళ్లందరి కళ్లూ ఉయ్యాల మీదే ఉంటాయి కదా. ఆమె బిడ్డను తీసుకొని నన్ను పడుకోబెట్టేది. ఆ రెండు గంటల నిద్రకు నేను ఇచ్చిన డాలర్లు తక్కువే.

నాలుగో రోజు అమ్మ, పాలు చాలడం లేదు, అందుకే ఏడుస్తున్నాడు, నాలుక మీద కాస్త తేనె రాద్దాం అంది. ఏడాది నిండని పిల్లలకు తేనె పెడితే బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉందని డౌలా చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ముఖం మాడ్చుకుంది. అప్పుడు డౌలా పాలు చాలుతున్నాయో లేదో తేల్చే లెక్క ఒకటి అమ్మ చేతికే అప్పగించింది. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు డైపర్లు తడిస్తే పాలు సరిపోతున్నట్టే. అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్‌లో, రాహుకాలం వర్జ్యం రాసి ఉన్న గడి పక్కనే, డైపర్‌కొక గీత గీయడం మొదలుపెట్టింది. ఏడో రోజు ఎనిమిది గీతలు. ఆ తర్వాత పాలు చాలడం లేదన్న మాట ఎత్తలేదు. అమ్మ చేసిన వెల్లుల్లి కారం, నూనె మర్దన, నడికట్టు వీటిలో వేటికీ డౌలా అడ్డు చెప్పలేదు, నేను సాధారణ కాన్పు మనిషినని తెలుసుకొని కట్టు మరీ బిగించవద్దని మాత్రం అంది. నీళ్లు తక్కువ తాగమన్న సలహాను ఒక్కదాన్నే గట్టిగా కాదంది.

అసలు చెప్పదలచుకున్నది ఇది. కాన్పు తర్వాత మొదటి వారం, పది రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, అదే తగ్గిపోతుంది. నాకు మూడో వారం దాటినా తగ్గలేదు. బిడ్డ నిద్రపోతున్నా నాకు నిద్ర పట్టేది కాదు. వాడు నాది కాదేమో అనిపించేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, దిష్టి అంటారనో, ఇంత చేస్తుంటే దీనికేం లోటు అంటారనో. డౌలా ఒక మధ్యాహ్నం బట్టలు మడత పెడుతూ పది ప్రశ్నల కాగితం ఇచ్చింది. ఎడింబరో స్కేల్ అని 1987 నుంచి వాడుకలో ఉన్నదే. నేను గుర్తులు పెట్టాక చూసి, వైద్యం చేయబోలేదు, ఏమీ కాదులే అనీ అనలేదు. నా పక్కన కూర్చొని డాక్టరు ఆఫీసుకు నా చేతే ఫోన్ చేయించింది. మందులు, కౌన్సెలింగ్ మొదలై రెండు నెలల్లో తేరుకున్నాను. మీ భార్యకు తల్లి లేదు. తల్లి పక్కనే ఉన్న నాకే ఇలా జరిగింది. మీ దగ్గర టెలీ మానస్ 14416 అనే ఉచిత నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

మా వారికి ఇక్కడ కుటుంబ సెలవు దొరికింది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగంలో మీకు పది రోజులు దొరికితే గొప్ప. రుసుము భారం అనిపిస్తే, కాన్పు రోజు మీరే నేర్చుకొని తోడుండి, ఆ డబ్బుతో ఇంటికి వచ్చే రోజులు పెంచుకోవడం నా దృష్టిలో మెరుగు. లేబర్ రూమ్ సిస్టర్ గారు దీన్ని ఒప్పుకోకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: తొలిచూలు తండ్రి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న డౌలాను ఇంటికి పిలిచాం. ఎవరు లోపల ఉండాలన్న ప్రశ్నను సిస్టర్ గారు చెప్పినట్టు నా భార్యకే వదిలేశాను. ఆమె ఆలోచించడానికి కూడా ఆగలేదు: "నొప్పులప్పుడు ఆమె, బిడ్డ వచ్చేటప్పుడు నువ్వు" అంది. డౌలా అందుకు సిద్ధమే. మారే సమయం తానే చూసి చెబుతానన్నారు. డాక్టరు గారు ఉత్తరం రాసిచ్చారు. మేనేజరు ఒకేసారి ఇద్దరిని ఒప్పుకోలేదు గానీ, మారుతూ ఉండటానికి సరేనన్నారు. తుంటి మీద అరచేతులు అదిమే పద్ధతి కూడా నేర్చుకున్నాను, ఇంకా గట్టిగా నొక్కాలట.

అమ్మకు ఫోన్ చేసి కాయం గురించి అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడింది. చివర, "ఆ వచ్చే అమ్మాయికి నీళ్లు పోయడం వచ్చా, లేక పుస్తకంలో చదివిందా?" అని అడిగింది. నిజం చెప్పాలంటే అది నేనూ అడగలేదు. ఇక ఒప్పందం రాసుకునే ముందు చూసుకోవలసినవి ఏమైనా ఉంటే చెప్పండి. ప్రసవానికి ఒకటి, ఆపైన పన్నెండు రోజుల సందర్శనలు అనుకుంటున్నాం.

జవాబు: లేబర్ రూమ్ సిస్టర్

ఎడిసన్ సోదరి మాట నేను ఒప్పుకుంటాను. తప్పనిసరిగా ఒకటే ఎంచుకోవాలంటే నేనూ ఇంటికి వచ్చే రోజులనే ఎంచుకుంటాను.

ఒప్పందంలో, 38వ వారం నుంచి 42వ వారం వరకు ఆమె ఊళ్లోనే ఉంటారా, అదే రాత్రి ఇంకొకరికి నొప్పులు వస్తే ఎవరిని పంపుతారు అన్నది పేరుతో సహా రాయించుకోండి. ఆ రెండో మనిషిని మీ భార్య ఒకసారైనా ముందే చూసి ఉండాలి. ముందుగానే ఆపరేషన్ నిర్ణయమైతే ప్రసవానికి ఇచ్చిన రుసుమును ఇంటి సందర్శనలకు మార్చుకోవచ్చా అని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆసుపత్రి నుంచి వచ్చాక గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తస్రావం, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, జ్వరం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం కనిపిస్తే ఆమె మీకు చెప్పి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పంపించాలి. వాటిని ఆమెను అడిగి చూడండి. తడుముకోకుండా చెబితే శిక్షణ పొందిన మనిషే.

మేనేజరు గారు సరేనన్నది నోటి మాటగా ఉంచకండి. డాక్టరు గారి ఉత్తరం మీదే సంతకం, ముద్ర వేయించి రెండు నకళ్లు తీయించి, ఒకటి ఆసుపత్రి సంచిలో బిడ్డ బట్టల పైన పెట్టండి. పగలు మేనేజరు ఇచ్చిన మాట రాత్రి రెండు గంటలకు తలుపు దగ్గర ఉండే గార్డుకు తెలియదు.